సవానా గాలి

1993 ఆగస్టులో ఒక సాయంత్రం, అట్లాంటా నుంచి నాలుగు గంటలపాటు పైన్ చెట్ల మధ్యగా కారులో వచ్చి అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న రేవు పట్టణం సవానా పొలిమేర చేరుకునేసరికి, మా వారు ఏసీ ఆపి అద్దం దించారు. లోపలికి వచ్చిన వేడిగాలిలో కుళ్ళిన కోడిగుడ్డునూ, మరీ ఎక్కువసేపు ఉడికిన క్యాబేజీనీ కలిపినట్టుండే వాసన ఉంది. ఆయన ముఖం చిట్లించి అద్దం మళ్ళీ ఎక్కించబోతుంటే నేను వద్దన్నాను. "ఇక్కడెక్కడో పేపరు మిల్లు ఉందండీ" అన్నాను. ఆయనది తెనాలి కాబట్టి ఆ సంగతి ఆయనకు తట్టలేదు. నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. గాలి మిల్లు వైపు నుంచి తిరిగిన రోజున మా అమ్మ దండెం మీది బట్టలు గబగబా లోపలికి తెచ్చేది. మా నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని, ఇవాళ గాలి మారిందని పొరుగువారితో చెప్పేవారు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, పెళ్ళయిన ఎనిమిది నెలలకు, ఎవరినీ ఎరగని దేశంలో అడుగుపెట్టిన నాకు ముందుగా తెలిసినదిగా ఎదురువచ్చింది ఆ వాసన ఒక్కటే.

కలప ముక్కలను సోడియం సల్ఫైడు కలిపిన క్షారంలో ఉడకబెట్టి నారను విడదీసేటప్పుడు గంధకపు వాయువులు పుడతాయి. రాజమండ్రిలో ఉడికేది వెదురు, సరుగుడు, సుబాబుల్. సవానాలో ఉడికేది పైన్. చెట్టు ఏదైనా చివరికి గాలిలో కలిసేది అదే వాసన.

సవానా గురించి పర్యాటకులకు పంచే కరపత్రాలలో ఆ మిల్లు మాట ఉండదు. నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఆ ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో అన్నం చాలాకాలం ఆ పొగగొట్టాల పుణ్యమాననే ఉడికింది. పత్తి మీద బతికిన ఊరది. పత్తికాయలను తొలిచే బోల్ వీవిల్ అనే పురుగు జార్జియా చేలను తినేశాక, ఆపైన ఆర్థిక మాంద్యం వచ్చి పడ్డాక, రేవు వెలవెలబోయింది. 1936లో యూనియన్ బ్యాగ్ కంపెనీ నది ఎగువన కాగితం మిల్లు తెరిచింది. కిరాణా కొట్లలో సరుకులు కట్టి ఇచ్చే గోధుమరంగు సంచుల కాగితం అక్కడ తయారయ్యేది. తరవాత కంపెనీ పేరు యూనియన్ క్యాంప్ అయినా, పాతకాలం వాళ్ళు దానిని "ది బ్యాగ్" అనే అనేవారు. కొత్తవాళ్ళెవరైనా ముక్కు మూసుకుంటే, అది డబ్బు వాసన అని ఊరివాళ్ళు చెప్పేవారు. ఆ మాట అన్నవారిలో ఒక్కరి ముఖంలోనూ నాకు వేళాకోళం కనిపించలేదు.

వచ్చిన మొదటి ఆదివారం పాత ఊళ్ళో నడవడానికి వెళ్ళాం. నదిగట్టు మీదున్న బే స్ట్రీట్ నుంచి బుల్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణానికి నడిస్తే, రెండు మూడు నిమిషాలకొకసారి వీధి ఆగిపోతుంది. ఎదురుగా ఒక చిన్న తోట. నడిచేవాళ్ళు తోటలోంచి తిన్నగా వెళ్ళిపోవచ్చు. కార్లు మాత్రం నెమ్మదించి, దానికి ప్రదక్షిణంగా తిరిగి, అవతల మళ్ళీ వీధిని అందుకోవాలి. జాన్సన్, రైట్, చిప్పెవా, మాడిసన్, మాంటెరీ: ఇలా అయిదు స్క్వేర్లు దాటితే ఫోర్సిత్ పార్కు, అందులో 1858 నాటి తెల్లని పోత ఇనుప ఫౌంటెన్. నాలుగు రోడ్లు కలిసినచోట విగ్రహమో, పోలీసు గొడుగో ఉండడం చూసిన నాకు, రోడ్డే చెట్టుకు దారి ఇచ్చి పక్కకు తొలగడం ఎంతో వింతగా తోచింది.

అది 1733 ఫిబ్రవరి 12న నూరుమందికి పైగా వలసదారులతో ఆ గట్టెక్కిన జేమ్స్ ఓగల్‌థోర్ప్ వేసిన పథకం. ఒక్కొక్క పేటకు నడుమ ఒక ఖాళీ స్థలం. దానికి తూర్పు పడమరల ప్రార్థనాలయాలకూ, ఊరుమ్మడి భవనాలకూ నాలుగు స్థలాలు. ఉత్తర దక్షిణాల పదేసి ఇళ్ళ చొప్పున నాలుగు గుంపులుగా 40 ఇళ్ళు. ఊరు పెరిగినప్పుడు ఎవరికి తోచినచోట వాళ్ళు కట్టుకోలేదు. అదే కొలతతో మరొక పేటను పక్కన చేర్చుకుంటూ పోయారు. మొదట నాలుగుగా ఉన్న స్క్వేర్లు 1851 నాటికి 24 అయ్యాయి. నూట పద్దెనిమిదేళ్ళపాటు, పాలకులు మారినా, రాజ్యమే మారినా, ఒక ఊరు తన మొదటి ముగ్గును చెరపకుండా దాని పక్కనే మరొక ముగ్గు వేసుకుంటూ పోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఆ గట్టు అప్పటికి యామక్రా తెగవారిది. వారి పెద్ద టోమోచీచీ, దుబాసీగా నిలిచిన మేరీ మస్‌గ్రోవ్ అనే ఆమె లేకపోతే ఓగల్‌థోర్ప్ అక్కడ నిలదొక్కుకోగలిగేవాడు కాదు. 1739లో టోమోచీచీ చనిపోతే, నేటి రైట్ స్క్వేరులో గౌరవ లాంఛనాలతో ఖననం చేశారు. తరవాత 1883లో ఒక రైలు కంపెనీ అధ్యక్షుడి స్మారకాన్ని సరిగ్గా ఆ స్థలంలోనే కట్టేశారు. ఆ అధ్యక్షుడి కోడలే చొరవ తీసుకుని, 1899లో ఒక పెద్ద గ్రానైటు బండను తెప్పించి టోమోచీచీ పేరు చెక్కించి ఆ పక్కన పెట్టించింది. చేసిన తప్పును అక్కడివాళ్ళు కప్పిపెట్టకుండా పక్కనే ఒక రాయి వేసి ఒప్పుకుంటారని నాకు మొదటిసారి అనిపించింది ఆ బండ దగ్గరే. అన్ని తప్పుల విషయంలోనూ అలా చేశారని మాత్రం అనలేను.

ఆ చెట్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. లైవ్ ఓక్ అంటారు వాటిని. చలికాలంలోనూ ఆకు పూర్తిగా రాల్చవు. కొమ్మలు పైకి పెరగడం కన్నా పక్కలకు చాచుకోవడం మీదే వాటికి మక్కువ. కొమ్మకొమ్మకూ బూడిదరంగు జడలు వేలాడుతుంటాయి. దూరం నుంచి మర్రి ఊడలేమో అనుకున్నాను; దగ్గరికి వెళ్ళి పట్టుకుంటే నలిగిన ఉన్నిలా మెత్తగా ఉన్నాయి. స్పానిష్ మాస్ అని పేరే కానీ అది స్పెయిన్ నుంచి వచ్చినదీ కాదు, నాచూ కాదు. అనాస కుటుంబపు మొక్క. ఆశ్రయం ఇచ్చిన చెట్టు రసాన్ని పీల్చదు. గాలిలోని తేమతో, రాలిపడే దుమ్ముతో బతుకుతుంది. అక్కడి ఉక్కపోత నాకు బాధగా తోచినప్పుడల్లా, ఈ జడలు బతికేది ఈ తేమ మీదే కదా అనుకునేదాన్ని.

మేము విక్టరీ డ్రైవ్‌కు దక్షిణంగా ఒక చిన్న వీధిలో అద్దెకు దిగాం. పక్కింట్లో ఒక నల్లజాతి పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. అప్పటికి ఆవిడకు డెబ్బైకి దగ్గర. భర్త ముప్పై ఏళ్ళకు పైగా మిల్లులో పనిచేసి చనిపోయారు. మేము సామాను దించుకుంటుంటే వచ్చి, అల్యూమినియం రేకు కప్పిన ఒక గిన్నె నా చేతిలో పెట్టి, "బేబీ, నువ్వు ఏమైనా తిన్నావా?" అని అడిగారు. ఆ తరవాత పద్నాలుగేళ్ళూ ఆవిడ నన్ను బేబీ అనే పిలిచారు. మనవైపు పెద్దవాళ్ళు "తల్లీ" అనడానికి అది అచ్చు గుద్దినట్టు సరిపోతుంది.

ఆ ప్రాంతపు ఇంగ్లీషు నాకు త్వరగా పట్టుబడడానికి కారణం అందులో మన తెలుగు మర్యాదలు ఉండడమే. నేను చదువుకున్న ఇంగ్లీషులో ఒకరున్నా పదిమంది ఉన్నా "యూ" ఒక్కటే. సవానాలో పదిమంది ఉంటే "యాల్" అంటారు. నువ్వుకూ మీరంతాకూ మధ్యనున్న తేడా అక్కడి నోళ్ళలో మళ్ళీ వినబడింది. పెద్దవారితో మాట్లాడేటప్పుడు ఔను, కాదు అని ఊరుకోకుండా "యెస్ మామ్", "నో సర్" అని తీరాలి. మన "అండీ" లాగానే దానిని మరిచిన పిల్లవాడికి తల్లి కళ్ళతోనే గుర్తుచేస్తుంది. నేను తరవాత ఒక ప్రాథమిక పాఠశాలలో సహాయ ఉపాధ్యాయినిగా చేరినప్పుడు, పిల్లలూ తోటి టీచర్లూ నా పేరుకు ముందు "మిస్" చేర్చి పిలిచేవారు. పేరుకు వెనక "గారు" రావలసింది ముందుకు వచ్చినట్టుండేది. మా ప్రిన్సిపల్ కూడా ఊడ్చే ఆవిడను మిస్ అనే పిలిచేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వీధిలో ఎదురుపడితే పలకరించకుండా పోవడం అక్కడ తప్పు.

ఇంత మర్యాద ఉన్న ఊళ్ళోనే ఆ ఘోరాలన్నీ ఎలా జరిగాయన్నది నన్ను చాలాకాలం వేధించింది. జార్జియా పెట్టిన కొత్తలో అక్కడ బానిసత్వం నిషిద్ధం. ఆ నిషేధాన్ని 1751లో ఎత్తేశారు. 1793లో సవానాకు ఎగువనున్న మల్బరీ గ్రోవ్ తోటలో ఎలై విట్నీ పత్తి గింజలు తీసే జిన్నును రూపొందించాక పత్తి సాగు మితిమీరి పెరిగింది. దానితో పాటు మనుషుల కొనుగోళ్ళూ పెరిగాయి. 1859 మార్చి 2, 3 తేదీలలో ఊరికి పడమటనున్న గుర్రపు పందేల మైదానంలో, పియర్స్ బట్లర్ అనే తోటల యజమాని తన అప్పులు తీర్చుకోవడానికి నాలుగు వందల మందికి పైగా స్త్రీలనూ, పురుషులనూ, పిల్లలనూ వేలం వేశాడు. ఆ రెండు రోజులూ ఎడతెగని వాన కురిసిందట. అక్కడివాళ్ళు ఆ వేలాన్ని "వీపింగ్ టైమ్" అంటారు, అంటే ఏడుపుల కాలం. మేము ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అక్కడ ఒక పలక అయినా లేదు, 2008లో పెట్టారు.

ఆ చరిత్ర నాకు పుస్తకాలలో కన్నా ముందు ఒక ఇటుకలో కనిపించింది. పక్కింటావిడ తన వెనక తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక పాత ఇటుకను అడ్డం పెట్టేవారు. మామూలు ఇటుక కన్నా పెద్దది, బూడిదా గోధుమా కలిసిన రంగు, అంచులు అరిగి ఉండేవి. ఒక రోజు దానిని తీసి నా ఒళ్ళో పెట్టి, ఒక పక్కన వేలితో తడమమన్నారు. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు మూడు చిన్న గుంటలున్నాయి. నా వేళ్ళు వాటిలో సరిపోలేదు. అంత చిన్న వేళ్ళవి. వాటిని సవానా గ్రే ఇటుకలంటారు. నది ఒడ్డున హెర్మిటేజ్ అనే తోటలో బానిసలు చేత్తో అచ్చులు పోసి, కాల్చి, ఊరంతటికీ అందించినవి. పాత ఊళ్ళో అందరూ ఫోటోలు తీసుకునే ఇళ్ళలో చాలావాటి గోడలు వాటివే. 1950లలో ఆ ఇళ్ళను పడగొట్టి, శివార్లలో కొత్త ఇళ్ళకు ఆ ఇటుకలను అమ్ముకునేవారట. ఆవిడ తమ్ముడు ఆ పడగొట్టే పనికి పోయేవాడు. ఒక ఇటుక తెచ్చి అక్కకు ఇచ్చాడు.

ఆ హెర్మిటేజ్ తోట ఇంటిని 1930లలో హెన్రీ ఫోర్డ్ కొని, ఇటుక ఇటుకా విప్పించి, కొంత దూరంలోని రిచ్‌మండ్ హిల్‌లో తన ఇంటికి వాడుకున్నాడు. ఇల్లు పోయిన ఆ నేల మీదే కాగితం మిల్లు లేచింది. ఆవిడ భర్త ముప్పై ఏళ్ళు పనిచేసినదీ, ఇటుకలో వేళ్ళు ముద్రించిన పిల్ల పనిచేసినదీ ఒకే నది ఒడ్డున, ఒకే నేల మీద. ఆవిడ ఈ మాట చెప్పి ఇటుకను మళ్ళీ తలుపు దగ్గర పెట్టేశారు.

ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం సాగుతున్న 1864 డిసెంబరు 22న ఉత్తరాది సేనాని షెర్మన్ సవానాను అధ్యక్షుడు లింకన్‌కు క్రిస్మస్ కానుకగా ఇస్తున్నానని తంతి పంపాడు. దానితో పాటు 150 ఫిరంగులు, సుమారు 25,000 బేళ్ళ పత్తి కూడా. అట్లాంటాను తగలబెట్టినవాడు సవానాను తగలబెట్టలేదు. అందువల్లనే ఆ ఇళ్ళు మిగిలాయి. అందరూ ఈ కథనే చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది మూడు వారాల తరవాత జరిగింది. 1865 జనవరి 12న షెర్మన్ బస చేసిన ఇంటి మేడ గదికి నల్లజాతి మతబోధకులు ఇరవై మంది వచ్చారు. స్వేచ్ఛ వచ్చింది కదా, మీకేం కావాలని అడిగితే, వారి తరఫున మాట్లాడిన గారిసన్ ఫ్రేజియర్ అనే వృద్ధుడు భూమి కావాలన్నాడు. సొంత చేతులతో దున్నుకుని బతుకుతామన్నాడు. నాలుగు రోజులకు, ఒక్కో కుటుంబానికి నలభై ఎకరాల వరకు భూమి ఇవ్వాలన్న ఉత్తర్వు వెలువడింది. ఆ ఏడాది తిరగకముందే కొత్త అధ్యక్షుడు ఆ భూములను వెనక్కు తీసేసుకున్నాడు. దున్నేవాడికి భూమి కావాలన్న మాటను గోదావరి జిల్లాల నుంచి వచ్చినదాన్ని నేను వేరేగా ఎలా వినగలను? ఆ ఇల్లు ఇప్పటికీ మాడిసన్ స్క్వేరులో ఉంది.

ఆ యుద్ధపు గాలి మన తీరాన్నీ తాకింది. దక్షిణాది రేవులను దిగ్బంధం చేసి పత్తి ఆపేసినప్పుడు ఇంగ్లండు మిల్లులు మన వైపు తిరిగాయి. కాకినాడ రేవు అప్పుడే పత్తి ఎగుమతితో పుంజుకుంది. సవానాలో గిడ్డంగులు మూతపడడం వల్ల కాకినాడలో గిడ్డంగులు లేచాయని తెలిసిన రోజున, బే స్ట్రీట్‌లోని పాత పత్తి ఎక్స్ఛేంజీ ఎర్ర భవనం ముందు చాలాసేపు నిలబడ్డాను.

వంటింటికి వస్తే ఆ ఊరు నాకు ఇంకా దగ్గరైంది. మొదటి రోజు పక్కింటావిడ ఇచ్చిన గిన్నెలో ఉన్నది రెడ్ రైస్. టమాటాతో వండిన అన్నం, పొడిపొడిగా, కాస్త కారంగా. మేము తినని పంది మాంసం అందులో ఉందని చెప్పి, మరునాడు అది లేకుండా మళ్ళీ వండి తెచ్చారు. అది వరి పండించిన నేల. ఆటుపోట్లతో పొంగే నదీజలాలను తలుపుల ద్వారా మడులలోకి వదిలి, తిరిగి తీసేసే నేర్పు పశ్చిమాఫ్రికా నుంచి బలవంతాన తెచ్చిన మనుషుల చేతిలో ఉంది. కాలువ, లాకు, మడి మధ్య పెరిగిన నాకు, సవానా నది మీద పాత వరి మడుల గట్లు ఇప్పటికీ గీతలుగా కనబడతాయని తెలిసినప్పుడు కళ్ళు చెమర్చాయి. బెండకాయ అక్కడ ప్రాణం. అదీ ఆఫ్రికా నుంచి వచ్చినదే. నేను బెండకాయ వేపుడు చేస్తే ఆవిడ ఆశ్చర్యపోయారు, జిగురు ఎలా పోగొట్టావని. తరిగే ముందు తడి లేకుండా తుడవాలి, మూత పెట్టకూడదు అని చెప్పాను. ఆవిడ పులుసులో జిగురే రుచి అన్నారు. రోడ్ల పక్కన పెద్ద కాగులో ఉప్పునీళ్ళలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్మేవారు. అట్లాంటాలోని ఇండియన్ కొట్టుకు 250 మైళ్ళు పోవలసిన ఊళ్ళో, తొక్క నొక్కగానే ఉప్పునీరు చిమ్మే ఉడకబెట్టిన వేరుశెనగ దొరకడం మాకు పండుగలాంటిది.

తెలుగువాళ్ళం అప్పుడు చాలా తక్కువ. ఉగాదికి ఒకరి ఇంట్లో చేరేవాళ్ళం. వేపపువ్వు ఇండియా నుంచి ఎవరో ఎండబెట్టి తెచ్చినది, మామిడికాయ పుల్లని ఆకుపచ్చ ఆపిల్. దేవుడి దర్శనానికి అట్లాంటా దగ్గర రివర్‌డేల్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి పోయేవాళ్ళం. మార్చి నెలలో విక్టరీ డ్రైవ్ పొడుగునా అజేలియాలు ఎర్రగా, తెల్లగా, గులాబీరంగుగా విరగబూసేవి. అదే నెలలో సెయింట్ పాట్రిక్ పండుగకు ఫోర్సిత్ ఫౌంటెన్‌లో నీళ్ళకు ఆకుపచ్చ రంగు కలిపేవారు. ఐరిష్‌వారు 1824 నుంచి తీస్తున్న ఆ ఊరేగింపు రోజున ఊరంతా వీధుల్లోనే. 1996లో అట్లాంటా ఒలింపిక్సు తెరచాప పడవల పందేలు సవానా సముద్రంలో జరిగాయి. మా స్కూలు పిల్లలతో ఏవేవో దేశాల జెండాల బొమ్మలు వేయించాం.

1946లో బ్రిటిష్ రాజకీయ నాయకురాలు లేడీ ఆస్టర్ సవానాకు వచ్చి, ఈ ఊరు మురికి ముఖంతో ఉన్న అందగత్తె అని అన్నదట. ఆ మాట ఊరివాళ్ళను బాగా గుచ్చుకుంది. అయినా 1954లో ఎల్లిస్ స్క్వేరులోని పాత సిటీ మార్కెట్టును, కూరగాయలూ చేపలూ పువ్వులూ అమ్మే ఆ సంతను, కార్లు నిలిపే గ్యారేజీ కోసం పడగొట్టారు. మరుసటి ఏడు 1820 నాటి డావెన్‌పోర్ట్ ఇంటిని కూడా అలాగే పడగొట్టబోతే, ఏడుగురు స్త్రీలు కలిసి 22,500 డాలర్లు పోగుచేసి దానిని కొన్నారు. వారు పెట్టిన హిస్టారిక్ సవానా ఫౌండేషన్, పడగొట్టబోయే ఇళ్ళను ఒక్కొక్కటే కొని, బాగుచేసి నిలబెడతామని రాసిచ్చినవారికే అమ్ముకుంటూ పోయింది. 1966లో పాత ఊరంతటినీ జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. 1978లో వచ్చిన కళల కళాశాల, సవానా కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్, పాత ఆయుధశాలతో మొదలుపెట్టి ఖాళీ భవనాలలో తరగతులు పెట్టి వాటికి ప్రాణం పోసింది.

ఆ ఏడుగురు స్త్రీల కథను ఊళ్ళో ప్రతి గైడూ చెబుతాడు. డబ్ల్యు. డబ్ల్యు. లా కథ చెప్పడానికి మాత్రం పక్కింటావిడే కావలసి వచ్చింది. ఆయన తపాలా బంట్రోతు. సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ ఉత్తరాలు ఇచ్చేవాడు. 1950 నుంచి 1976 వరకు నల్లజాతివారి హక్కుల సంఘానికి ఆ ఊళ్ళో అధ్యక్షుడు. 1960 మార్చి 16న బ్రాటన్ స్ట్రీట్‌లోని లెవీస్ అనే పెద్ద బట్టల దుకాణపు భోజనశాలలో ముగ్గురు నల్లజాతి విద్యార్థులు కూర్చుని లేవమన్నా లేవలేదు, అరెస్టయ్యారు. అంతే, నల్లజాతివాళ్ళు ఆ వీధిలో కొనడం మానేశారు. "ఆ సంవత్సరం ఈస్టరుకు మా పిల్లలకు కొత్త బట్టల్లేవు. పాతవే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి చర్చికి తీసుకుపోయాను. చర్చిలో ఎవరి ఒంటి మీదా కొత్త గుడ్డ లేదు. అంత అందమైన ఈస్టరు నేను మళ్ళీ చూడలేదు, బేబీ" అన్నారావిడ. 1961లో దుకాణాలవారు దిగివచ్చారు. 1964లో మార్టిన్ లూథర్ కింగ్, దక్షిణాదిలో వర్ణభేదాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తొలగించుకున్న ఊరు సవానాయే అని అన్నారు. లెవీస్ భవనం ఇప్పుడు ఆ కళల కళాశాల గ్రంథాలయం.

లా గారు అంతటితో ఆగలేదు. నల్లజాతివారి పాత ఇళ్ళనూ, బడులనూ కూడా నిలబెట్టాలని పోరాడారు. 1996లో తెరిచిన పౌరహక్కుల మ్యూజియం ఆయన శ్రమే. 2002లో ఆయన చనిపోయిన రోజున పక్కింటావిడ తలుపు తీయలేదు. సాయంత్రం నేను పప్పూ అన్నం పట్టుకెళితే, ఆయన ఆవిడ ఇంటికి ఉత్తరాలు తెచ్చిన రోజులు తలుచుకుంటూ కూర్చున్నారు.

1999 సెప్టెంబరులో ఫ్లాయిడ్ తుఫాను వస్తోందని ఊరు ఖాళీ చేయమన్నారు. దివిసీమ ఉప్పెన గురించి విన్న ప్రాణం కాబట్టి నేను మారుమాటాడలేదు. పక్కింటావిడ మాత్రం రానన్నారు. మా వారు మెట్ల మీద కూర్చుని, "మీరు రాకపోతే మేమూ వెళ్ళం" అన్నారు. ఆవిడ అరగంట తరవాత బైబిలూ, భర్త ఫోటో, వండిన కోడికూర డబ్బాలతో బయటికి వచ్చారు. రోడ్డు రెండు వైపులా ఒకే దిక్కుకు, ఎగువకు, బారులు తీరిన కార్లు గంటల తరబడి నత్తల్లా కదిలాయి. డబ్బాలలోది ఆవిడ తిన్నారు, పులిహోర మేము తిన్నాం, తరవాత ఆవిడా పులిహోరే తిన్నారు. తుఫాను సవానాను వదిలి ఉత్తరానికి పోయింది. తిరిగి వచ్చి కారు దిగేసరికి మిల్లు వాసన వచ్చింది. "ఊరుంది" అన్నారావిడ.

నదిగట్టున 1972లో పెట్టిన ఒక కంచు విగ్రహం ఉంది. ఫ్లోరెన్స్ మార్టస్ అనే ఆమె నది మలుపులోని దీవిలో అన్నతో కలిసి ఉంటూ, 1887 నుంచి 1931 వరకు వచ్చే పోయే ప్రతి ఓడకూ పగలు చేతిగుడ్డా, రాత్రి లాంతరూ ఊపేదట. ఇంటి మీద బెంగ పుట్టిన ఆదివారాలు ఆ విగ్రహం దగ్గర కూర్చుని, తాల్మడ్జ్ వంతెన కిందుగా పోయే కంటెయినరు ఓడలను చూసేదాన్ని. అంత పెద్ద ఓడ ఇళ్ళ మధ్య నుంచి చప్పుడు లేకుండా జరుగుతుంటే, ఊరే కదులుతున్నట్టుండేది.

2007లో మా వారి ఉద్యోగం మారి ఉత్తర కరొలైనాకు వచ్చేశాం. వెళ్ళే ముందు రోజు ఆవిడ ఆ ఇటుకను ఇవ్వబోయారు. అది ఆ ఇంటిదనీ, అక్కడే ఉండాలనీ నేను తీసుకోలేదు. తరవాత 2012లో చూడబోతే, ఎల్లిస్ స్క్వేరులో గ్యారేజీ లేదు. దానిని పడగొట్టి, కార్లను నేల కిందికి దింపి, పైన మళ్ళీ తోట చేశారు. చిన్నపిల్లలు నీటి చిమ్మెనలలో ఆడుతున్నారు. పక్కింటావిడ చక్రాల కుర్చీలో కూర్చుని, చేపలు ఏ మూల అమ్మేవారో, తన తల్లి ఏ మూల పువ్వులు బేరం చేసేదో వేలితో చూపించారు. అదే ఆఖరిసారి చూడడం. 2023లో కాల్హూన్ అనే బానిసత్వ సమర్థకుడి పేరు తీసేసి ఒక స్క్వేరుకు సూసీ కింగ్ టేలర్ పేరు పెట్టారని పత్రికలో చదివాను. నల్లవారికి చదువు చెప్పడం నేరమైన కాలంలో, పుస్తకాలను కాగితంలో చుట్టుకుని దొంగచాటు బడికి పోయి చదువు నేర్చుకున్న పిల్ల ఆమె. పక్కింటావిడ ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో.

మిల్లు సంగతి చెప్పి ముగిస్తాను. 1999లో యూనియన్ క్యాంపును ఇంటర్నేషనల్ పేపర్ కొంది. 2011లో అదే కంపెనీ రాజమండ్రి మిల్లునూ కొంది. ఆ వార్త చదివి మా అక్కకు ఫోన్ చేసి, నా రెండు ఊళ్ళకూ ఒకే యజమాని వచ్చాడని చెప్పాను. 2019లో రాజమండ్రి మిల్లు వేరే చేతికి మారింది. ఇప్పుడది ఆంధ్రా పేపర్. 2025 సెప్టెంబరు నెలాఖరుకు సవానా మిల్లును మూసేశారు. దాదాపు తొంభై ఏళ్ళు నడిచింది. వందలమందికి పని పోయింది.

అక్టోబరులో పక్కింటావిడ కూతురు ఫోన్ చేసింది. తల్లి ఇంట్లో ఇప్పుడు ఆమే ఉంటోంది. పొద్దున్న వెనక తలుపు తీసి నిలబడితే చెట్ల వాసన, ఉప్పు వాసన తప్ప ఏమీ రావడం లేదనీ, ఇది మరెవరి ఊరోలా ఉందనీ చెప్పింది. కాసేపాగి, మీ ఊళ్ళో ఇంకా వస్తోందా అని అడిగింది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు, తెల్లవారుజామున కోటిలింగాల రేవులో దిగి గోదావరిలో కాళ్ళు పెడుతుంటే గాలి తిరిగి వచ్చిందని చెప్పాను. "ఈసారి వెళితే నన్నూ తీసుకువెళ్ళండి, మిస్" అంది.